నేనే పెట్టుకున్న గుర్తు

ఎనిమిదో తరగతిలో నేను తట్టు సూది వేయించుకోలేదు. వేయించుకున్నట్టు ఎడమ బొటనవేలి గోటి మీద నల్ల గీత నేనే గీసుకున్నాను. ఈ రెండు ముక్కలు రాయడానికి ఎనిమిదేళ్లు పట్టింది. రోజూ డైరీ రాసేదాన్నే. ఇవి మాత్రం రాయలేదు. మోసి మోసి అలిసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది మోత్కూర్ దగ్గర ఊరు. ఆ రోజు బడికి నర్సమ్మ వచ్చి తట్టుకూ రుబెల్లాకూ కలిపి ఒకటే సూది వేసింది. నా చేతిరాత బాగుంటుందని పేర్లు రాసే పని సారు నాకిచ్చాడు. గోటికి గుర్తు పెట్టే మార్కర్ కూడా నా దగ్గరే ఉంది. నొప్పికి భయపడలేదు. నా యూనిఫాం రెండేళ్ల కిందటిది, చేతులు బిగుతు, పైకి పోవు. నా ముందు అలాంటి బట్టలే వేసుకున్న ఒక అమ్మాయి మెడ దగ్గర గుండీ విప్పి భుజం మీద నుంచి జార్చుకోవాల్సి వచ్చింది. కిటికీ దగ్గర మగపిల్లలు ఏదో అని నవ్వారు. చివర మిగిలింది నేనే. ఇంకెవరన్నా ఉన్నారా అని నర్సమ్మ అడిగింది. లేరని తల ఊపాను.

డైరీలో 'ఈరోజు బడిలో సూదులు వేశారు' అని రాశాను. అబద్ధం కాకుండా ఎంత జాగ్రత్తపడ్డానో చూడండి.

ఎండలు ముదరక ముందు నాకు సన్నగా జ్వరం, ఒళ్లంతా ఎర్ర దద్దుర్లు వచ్చాయి. అప్పుడు అక్క మా ఇంట్లోనే ఉంది. మూడో నెల. వాంతులు ఆగక నార్కట్‌పల్లిలోని అత్తగారింటి నుంచి వచ్చింది. నాకు తట్టు అని తెలిస్తే అమ్మ అక్కను ఆ పూటే పంపించేసేది. పక్కింటామె తట్టేమో చూడమంటే అమ్మ కొట్టిపారేసింది.

"బడిల సూది ఏపిచ్చుకున్నది గద. తట్టెట్లయితది? వేడి చేసింది, గంతే."

మూడు రోజుల్లో దద్దుర్లు పోయాయి. ఆ మూడు రోజులూ అక్క నా పక్కనే పడుకుంది, నా గ్లాసులో మిగిలిన నీళ్లు తాగింది. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఎందుకు చెప్పలేదు? తిడతారనా? సారుకు తెలుస్తుందనా? ఇప్పుడు చూస్తే చాలా చిన్న భయం. అప్పుడు చిన్నది కాదు.

పాప పుట్టింది. ఏడాది నిండుతున్నా, వెనకాల గిన్నె పడ్డా తల తిప్పేది కాదు. హైదరాబాద్ దవాఖానలో రెండు చెవులూ వినబడవన్నారు. సంచి పట్టుకుని నేనూ వెళ్లాను. కడుపుతో ఉన్న మొదటి నెలల్లో ఇంట్లో ఎవరికైనా దద్దుర్లు వచ్చాయా అని డాక్టరమ్మ అడిగింది. రుబెల్లా అయితే తల్లికి తెలియకుండానే బిడ్డ చెవులు పోవచ్చునట. ఎవరికీ రాలేదన్నది అమ్మ. వేడి దద్దుర్లు ఆమెకు యాదిలో కూడా లేవు. నాకున్నాయి. సంచి పిడి చూస్తూ నిలబడ్డాను.

కారణం అక్క వాళ్ల అత్త తేల్చింది. గ్రహణం నాడు కోడలు బయటికి వచ్చి తీగ మీది బట్టలు తీసిందట. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేది. కొన్నాళ్లకు అక్కే, ఎవరూ అడగకముందే, తప్పు తనదేనని చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఆరేడేళ్లు ఇంకో బిడ్డ వద్దన్నది.

నా నుంచే సోకిందని ఖాయంగా ఎవరూ చెప్పలేరు. బస్సులో ఎవరి నుంచైనా సోకి ఉండొచ్చు. లైబ్రరీలో పుస్తకాలు తిరగేసి, తప్పించుకోవడానికి ఆ సందు వెతుక్కున్నది కూడా నేనే. కానీ డాక్టరమ్మ అడిగినప్పుడు నోరు మూసుకున్నది ఎవరు? ఆ గ్రహణాన్ని ఇన్నేళ్లు అక్క నెత్తి మీద ఉండనిచ్చింది ఎవరు?

అక్క ఇప్పుడు మళ్లీ కడుపుతో ఉంది. పోయిన ఆదివారం వాళ్ల అత్తగారింటికి వెళ్లాను. ఏయే రోజు గడప దాటొద్దో అత్త క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుట్లు చుట్టి పెట్టింది. పాప చెవి మిషన్ పెట్టుకుని వాకిట్లో ఆడుకుంటోంది. అక్క చాటలో బియ్యం ఏరుతోంది. పక్కన కూర్చుని, తల ఎత్తకుండా, అన్నీ చెప్పాను. గోటి మీద గీత, దద్దుర్లు, డాక్టరమ్మ అడిగిన మాట.

అక్క చేతులు ఆగిపోయాయి. డాక్టరమ్మ అడిగిన నాడు నీకు యాదికున్నదా అని మాత్రం అడిగింది. ఉన్నదన్నాను. తిట్టలేదు. పోనీలే అనలేదు. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. అయినా లోపల ఏదో కొంచెం దిగినట్టైంది. అంత తేలిక నాకు దక్కొచ్చా అని సిగ్గుపడ్డాను.

వంటింట్లో అత్త గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినబడుతోంది. అక్క చాట పక్కకు పెట్టి, నా చెయ్యి పట్టుకుని లేపింది.

"నడువ్. గీ మాటనే మా అత్త ముందట చెప్పు."