కోతుల జాలీల కొత్త కంప్యూటర్

మా పెద్ద బావ మీద నాకు కోపం ఈనాటిది కాదు. మా ఆయనకు సొంత అన్న. కామారెడ్డిల పెద్ద కంప్యూటర్ దుకాణం, మెడల లావు గొలుసు, మాట్లాడితె ముక్కుల నుంచి నవ్వు. పిల్ల బీకాం కంప్యూటర్స్ చదివిందని నా పెండ్లిల అందరికి చెప్పుకున్నది ఆయనే, పెండ్లయినంక "ఆమెకేం తెల్సు" అన్నది గూడ ఆయనే. ఈ మనిషిని ఒక్కసారి, ఒక్కటంటె ఒక్కసారి, పది మందిల ముఖం మాడేటట్టు చెయ్యాలని నా మనసుల ఎన్నేండ్ల సంది ఉండెనో. ఉన్నదున్నట్టు చెప్తున్న, నాకేం సిగ్గు లేదు.

మా ఇంట్ల ఒక పద్ధతి ఉన్నది. మొగని అన్న ముందట కోడలు కూసోవద్దు, ఆయన మాట్లాడుతుంటె నడుమ నోరు తెరవొద్దు. పెండ్లయి వచ్చిన కొత్తల మా అత్త, ఇప్పుడు లేదు పాపం, నన్ను వంటింట్ల నిలబెట్టి మరీ చెప్పింది. ఆయన గూడ నాతోని సూటిగ మాట్లాడడు. నేను పక్కనే నిలబడి ఉన్నా సరే, మా మామ దిక్కు తిరిగి "బాపూ, ఆమెకు చెప్పు" అంటడు. నేనేమన్న గోడనా, తలుపునా? చానా ఇండ్లల్ల ఇప్పుడు ఇయ్యి లేవు. మా ఇంట్ల మాత్రం ఉన్నయి. నేను గూడ కొంగు నెత్తి మీదికి గుంజుకొని నిలబడుతుంటి.

మా ఆయన దుబాయ్‌ల ఉంటడు. ఎల్లారెడ్డిల మా ఇంటి ముందటనే, రోడ్డు మీదికి, మామకు ఒక మల్గి ఉన్నది. అండ్ల ఎరువుల దుకాణం పెట్టుకున్నాయన ఖాళీ చేసి పోయిండు. నేను ధైర్యం చేసి మామను అడిగిన, ఇంటర్నెట్ సెంటర్ పెట్టుకుంట అని. హాల్ టికెట్లు, సర్టిఫికెట్ల దరఖాస్తులు, కాలేజీ అప్లికేషన్లు, వీటికోసం జనం పొద్దంత తిరుగుతనే ఉంటరు కదా. ఈ సంగతి తెల్వంగనే బావ ఉరికొచ్చిండు. ఆ మల్గిల తన దుకాణం బ్రాంచి పెడ్తనని పట్టు పట్టిండు. మామ మంచోడే గని మెత్తటోడు. ఇద్దర్ని కాదనలేక, "డిగ్రీ అడ్మిషన్ల దాక కోడలు నడిపి సూపియ్యని. నడవకుంటె పెద్దోడా, నువ్వు తీసుకో" అన్నడు.

ఆ మల్గి నాకేందో జర చెప్పాలె. పొద్దున లేచి నా చేతులతోని షట్టర్ ఎత్తి, నా కుర్చీల నేను కూసునే జాగ అది. ఎవరొచ్చినా లేవాల్సిన పని లేదు. అది పోయిందంటె నేను మళ్ల పొయ్యి కాడికే.

"కంప్యూటర్ నేనే ఇస్త" అన్నడు బావ, మామ ముందట పెద్దమనిషి లెక్క. ఇచ్చింది అరచెయ్యంత డబ్బా. మినీ కంప్యూటరంట. విండోస్ లేదు, లైనక్స్ ఉన్నది. కామారెడ్డిల ఎవ్వరు తీసుకోక ఆయన అరల పడి ఉన్న సరుకని నాకు తర్వాత తెల్సింది. "బాపూ, ఆమెకు చెప్పు. దీనికి వైరస్ రాదు. గని కోతులు ఎత్తుకపోతయ్. ఇనుప జాలీ పెట్టకుంటె నాది గ్యారంటీ లేదు."

కోతుల సంగతి మాత్రం నిజమే. ఎల్లారెడ్డిల కోతులకు మనుషులంటె లెక్కనే లేదు. ఆ డబ్బా సూస్తె అచ్చం టిఫిన్ డబ్బా తీరుగనే ఉండె, ఎత్తుకపోయి డాబా మీద కూసోని మూత ఊడపీకెటియే. ఇంట్లకెల్లి మల్గికి గుంజిన ఇంటర్నెట్ వైరు గూడ గవ్వే తెంపినయ్. మళ్ల ఏపిస్తె మళ్ల తెంపినయ్. గందుకే వైఫై మీద నడుపుదామనుకున్న. బావ తనకు తెల్సిన వెల్డింగాయనతోని ఒక పెట్టె చేపిచ్చి పంపిండు. మీద, కింద, ఎనక ఇనుప రేకు, ముందట, పక్కలకు సన్న జాలీ, చిన్న తలుపు, దానికి తాళం. బల్లకు బోల్టులేసి బిగిచ్చిన్రు. నేను డబ్బాకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అట్టపెట్టెలకెల్లి తీసి సీదా అండ్ల పెట్టి తాళమేసిన. మానిటరు, కీబోర్డు బయట.

ఆన్ చేసిన. అన్ని మంచిగనే వచ్చినయ్, వైఫై తప్ప. మా రౌటర్ పేరు కనవడుతది, పట్టుకుంటది, విడుస్తది. మళ్ల పట్టుకుంటది, మళ్ల విడుస్తది. వైరు లేని మౌస్ గూడ ఆగి ఆగి నడిచె. గప్పుడన్న నాకు తట్టాలె, తట్టలే. వైరు మౌస్ తెచ్చి పెట్టుకున్న.

లైనక్స్ నాకు కొత్తనే. ఫోన్‌ల సూసుకుంట ఆ నల్ల తెర మీద ఒక్కొక్క ఆర్డర్ టైపు చేసిన. వైఫై కార్డు ఉన్నదా అంటె, ఉన్నది అని కంపెనీ పేరుతోని సహా చెప్పింది. డ్రైవర్ ఎక్కిందా? ఎక్కింది. దానికి కావల్సిన ఫర్మ్‌వేర్ ఫైలు దొరికిందా? దొరికింది. ఎవరన్న కార్డును బంద్ పెట్టిన్రా? లేదు. కరెంటు మిగిలిచ్చుకునే సెట్టింగ్ ఉంటె అది తీసేసిన. రౌటర్‌ల ఛానల్ మార్చిన. లైనక్స్‌కు గుండెకాయ అసొంటి కెర్నెల్ గూడ కొత్తది ఏసిన. ఏం చేసినా సిగ్నల్ సూపిచ్చే గీత లేవనే లేవదు, జరం వచ్చిన మనిషి లెక్క పండుకొనే ఉంటది. పరేషాన్ అయినా ఒక్కటి చెప్పాలె, ఆ డబ్బా నేనడిగిన ప్రతిదానికి జవాబు చెప్పింది. మామ తప్ప మా ఇంట్ల నాతోని సూటిగ మాట్లాడింది గదొక్కటే.

వచ్చినోళ్లంత ఉల్టా పోతున్నరు. "ఈమె కాడ నెట్ రాదు" అని బజార్ల మాట పుట్టింది. ఇగ తప్పక, డబ్బాను చేతిసంచిల పెట్టుకొని బస్సెక్కి కామారెడ్డి పోయిన. బావ దుకాణంల మనుషులు కిక్కిరిసి ఉన్నరు. ఆయన డబ్బాను బల్ల మీద పెట్టి ఆన్ చేసిండు. టక్కున వైఫై వచ్చింది! గీతలన్ని నిండుగ, వీడియో గూడ ఆగకుంట నడిచింది. నేను నోరు తెరిసి సూసుకుంట నిలబడ్డ.

బావ నా దిక్కు సూడలే. అక్కడున్న గిరాకీల దిక్కు తిరిగి, "మిషన్‌ల ఏం లేదు, నడిపే మనిషిల ఉన్నది" అన్నడు. అందరు నవ్విన్రు. ముక్కుల నుంచి ఆయన గూడ నవ్విండు. నాకు ఒళ్లంత మండింది. డబ్బాను సంచిల ఏసుకొని బస్సెక్కిన. లింగంపేట దాటేదాక బస్సుల డబ్బాను ఒళ్లె పెట్టుకొని ఏడ్సిన. ఏడ్సుడు బాధతోని కాదు, కసితోని. నీ సంగతి సూస్త బావా, ఈ మల్గిల్నే సూస్త అనుకున్న.

ఇంటికొచ్చి మళ్ల ఆ పెట్టెల్నే పెట్టి తాళమేసిన. మళ్ల అదే కథ. అడ్మిషన్లు మొదలయినయ్. మామ ముఖం దించుకొని, "పెద్దోని రమ్మన్న బిడ్డా. ఆదివారం వచ్చి సూస్తడు. ఆనితోని గూడ కాకుంటె ఏం చేద్దమో అప్పుడు సూద్దం" అన్నడు. నాకు తెల్సు, అది మల్గి ఇచ్చేసుడే.

శనివారం పగటీలి అన్నం తినేటందుకు ఇంట్లకు పోతున్న. ఎదురు డాబా మీద కోతులు కూసోని ఉన్నయ్. చేతుల ఉన్న ఫోన్ ఎందుకు, గీడ పెడ్త అని ఆ జాలీ పెట్టెల కంప్యూటర్ పక్కకు పెట్టి తాళమేసి పోయిన. తిని వచ్చి ఫోన్ తీసేసరికి టంగు టంగుమని మెసేజ్‌లు. మా ఆయన దుబాయ్ నుంచి వాట్సాప్‌ల కొట్టి కొట్టి, "ఫోన్ బంద్ పెట్టినవ్ ఎందుకు?" అని కోపానికొచ్చిండు. నేను బంద్ పెట్టనే లేదు. చార్జింగ్ నిండుగ ఉన్నది.

ఫోన్ తెర మీద వైఫై గుర్తు సూసుకుంట ఫోన్‌ను పెట్టెలకు తీసుకపోయిన. తలుపు దగ్గరకేసిన. జాలీలకెల్లి కనవడుతనే ఉన్నది, గీతలు ఒక్కొక్కటి పడిపోయినయ్. బయటికి తీస్తె లేచి నిలబడ్డయ్. మళ్ల పెట్టిన, మళ్ల పడ్డయ్. అరే నీ... చుట్టూ ఇనుము, ఇగ గాలిల వచ్చే సిగ్నల్ లోపలికెట్ల పోతది? డబ్బాను తీసి బల్ల మీద పెట్టిన. టక్కున వచ్చింది. నేను ఒక్కదాన్నే నవ్విన, కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విన. కార్డు మంచిగనే ఉన్నది, డ్రైవర్ మంచిగనే ఉన్నది, నేను మంచిగనే ఉన్న. పాడయింది బావ పంపిన పెట్టె. డబ్బాను మళ్ల లోపలనే పెట్టి తాళమేసి, చెవిని కొంగుకు ముడేసుకున్న.

నిజం చెప్తున్న, అప్పటికి నాకు పాపపు ఆలోచన లేదు. బావ రాంగనే మామతోని చెప్పిద్దామనే ఉండె.

ఆదివారం పొద్దుగాల బావ కారు వచ్చి ఆగింది. కారు మీద పొడుగ్గ ఒక ఫ్లెక్సీ బోర్డు, ఫ్రేముతోని సహా, తాళ్లతోని కట్టి ఉన్నది. దాని మీద ఆయన దుకాణం పేరు, కింద 'ఎల్లారెడ్డి బ్రాంచి'. మిషన్ సూడకముందే బోర్డు చేపిచ్చుకొచ్చిండు! అప్పుడు ఒట్టు పెట్టుకున్న. ఈయన నన్ను ఒక్క మాట అడిగితె, మామ నుంచైనా సరే, ఏమేం సూసిందో అడుగు అంటె, చెప్త. అడగకుంటె నా నోట్లకెల్లి ఒక్క ముక్క రాదు.

కొంగు నెత్తి మీదికి గుంజుకొని మూలకు నిలబడ్డ. బావ నా కుర్చీల కూసున్నడు. మళ్ల డ్రైవర్ ఏసిండు. జాలీలకెల్లి బయటికొచ్చిన వైరుకు పెన్‌డ్రైవ్ తగిలిచ్చి సిస్టం మొత్తం కొత్తగ ఎక్కిచ్చిండు. రౌటర్‌ను ఇంట్లకెల్లి తెచ్చి కిటికీ దగ్గర పెట్టిండు. ఎవరికో ఫోన్ చేసిండు, వాళ్లు చెప్పింది చేసిండు, కాలే. మొబైల్ షాపాయనను పిలిచి అడిగిండు, మెడికల్ షాపాయనను గూడ అడిగిండు. గోడ మందం ఎక్కువున్నది అన్నడు ఒకాయన, ఆ టవర్ దగ్గరున్నది గదా అన్నడు ఇంకొకాయన. తమాషా సూడనీకి మల్గి నిండ జమయిన్రు. బావ అంగీ ఈపుకు అతుక్కున్నది. తాళంచెవి నా కొంగుకే ఉన్నది. అడగలే.

మనవరాలి అప్లికేషన్ కోసం వచ్చిన ఒక అవ్వ గడప మీద కూసోని పొద్దుటిసంది సూస్తున్నది. ఆమెకే ఓపిక సచ్చింది. "ఓ కొడుకా, ఆ పిల్లను అడుగరాదు? దినాం నడిపేది ఆమెనే గదా" అన్నది.

"ఆమెకేం తెల్సు అవ్వా" అన్నడు బావ, తెర మీదికెల్లి కండ్లు తీయకుంట.

నాకు లోపల సంతోషమే. చెప్పు బావా, అందరు ఇనేటట్టు ఇంకోసారి చెప్పు అనుకున్న.

పగటాల దాటినంక ఆయన కుర్చీ ఎనకకు నూకి లేచిండు. "బాపూ, ఆమె ఏదో కెలికి కార్డు కాలపెట్టింది. ఇగ ఇది కాదు. నా దుకాణంకెల్లి మిషన్లు, మనిషి రేపే వస్తరు. ఆమెకు చెప్పు."

మామ నా దిక్కు తిరిగి, "నువ్వేమంటవ్ బిడ్డా?" అన్నడు.

అడిగిండు. బావ కాదు, మామ అడిగిండు. నేను కొంగు ముడి ఇప్పిన. జాలీ తాళం తీసి, డబ్బాను వైర్లతోని సహా బయటికి తీసి బల్ల మీద పెట్టిన. తెర మీద గీతలన్ని లేచినయ్. డిగ్రీ అడ్మిషన్ల పేజీ తెరిచిన. నా కుర్చీ ముందటికి గుంజుకొని, బావ ముందట, కూసున్న. "అవ్వా, మనవరాలి పేరు చెప్పు" అన్న.

మెడికల్ షాపాయన పెట్టె మీది రేకును ఏలుతోని కొట్టి సూసి, "ఓర్నీ, గీ ఇనుములకు సిగ్నల్ ఎట్ల పోతదయ్యా? గిది ఎవరు చేపిచ్చిన్రు?" అన్నడు. మామ బావ దిక్కు సూసిండు. అందరు సూసిన్రు. బావ ముఖం మాడిపోయింది. నేను ఇన్నేండ్లు సూడాలనుకున్న ముఖం అదే. తనివితీర సూసిన.

అప్పుడు, పెండ్లయిన సంది మొదటిసారి, ఆయన నాతోని సూటిగ మాట్లాడిండు. "తెల్సి గూడ ఊకున్నవా? పొద్దుగాలనే చెప్తె అయిపోతుండె గదా!"

"బావ మాట్లాడుతుంటె నడుమ నోరు తెరవొద్దని అత్త చెప్పింది" అన్న.

అవ్వ పక్కున నవ్వింది. ఎనకనున్నోళ్లు గూడ నవ్విన్రు. ఈసారి నవ్వనిది బావనే.

మామ లేచి నిలబడ్డడు. ఆయన గొంతు నేను అంత గట్టిగ ఎన్నడు ఇనలే. "మల్గి కోడలిదే. పెద్దోడా, నీ ఇనుప పెట్టె ఊడదీసి తీస్కపో." ఎవరో పానా తెచ్చి ఇచ్చిన్రు. సాయం పట్టబోతె మామ వద్దన్నడు, "ఆన్నే మొయ్యని" అన్నడు. బావ కింద కూసోని బోల్టులు ఊడదీసిండు. పెట్టెను రెండు చేతుల ఎత్తుకొని తలుపు దిక్కు వచ్చిండు. బావ ఎదురొస్తె కోడలు లేచి పక్కకు జరగాలె. ఆయన ఒక్క గడియ ఆగి నిలబడ్డడు, నేను లేస్తనని. నేను అవ్వ మనవరాలి పుట్టిన తారీఖు టైపు చేస్తున్న. ఇగ ఆయననే పెట్టెను అడ్డం తిప్పుకొని, గోడకు రాసుకుంట, నా కుర్చీ ఎనకకెల్లి బయటికి పోయిండు.