నన్నీ బీ పొట్లంలో ఒకటి తక్కువ

మైదుకూరులో ఒక పుకారు తిరుగుతోంది. గాజుల నన్నీ బీ కొరియా పాటగాళ్ల ఫోటో కార్డుల పొట్లాల్లోంచి ఒక్కో కార్డు కొట్టేస్తుందట, వాటిని ప్రొద్దుటూరులో ఎక్కువ ధరకు అమ్ముకుంటుందట. ప్రొద్దుటూరు చాలదని కొందరు బెంగళూరు దాకా తీసుకుపోయారు. ఆమె మాత్రం అంగడి గడప దాటి కూరగాయలకు కూడా పోదు. పొట్లంలో ఒకటి తక్కువ ఉండే మాట నిజమే. మిగతాదంతా అబద్ధం. అదేమిటో తేల్చి చెబుదామనే కాగితం పట్టుకుని కూర్చున్నాను.

ముందు మనిషిని చూపిస్తాను. నన్నీ బీకి ఉన్నది ఒకటే జబ్బు. చేతికి చిక్కిన మనిషికి కొరియా సీరియలో, జపాన్ బొమ్మల సినిమానో, చైనా పాటో అంటగట్టకుండా వదలదు. చేతికి చిక్కడమంటే నిజంగా చిక్కడమే. గాజులు తొడిగేటప్పుడు మన చెయ్యి ఆమె రెండు చేతుల మధ్య ఉంటుంది కదా. బొటనవేలు లోపలికి మడిచి, పిడికిలి నొక్కి, గాజును సరిగ్గా కణుపుల మీదికి తెచ్చి ఆపుతుంది. అది ముందుకు పోదు, వెనక్కి రాదు. అప్పుడు మొదలుపెడుతుంది.

"చెయ్యి ఇంత బిర్రుగా ఉండాదేందక్కా? ఎవురి మీదనో కోపంగా ఉండావు."

"ఎవురి మీదా లేదు. తొడుగు."

"కోడలి మీదనా?"

"నన్నీ, నొప్పెడతాండాది!"

"జపాన్ బొమ్మల సినిమా ఒకటుండాది. ఒక ముసలామె, ఒక పిల్లి, శానా వాన. అంతే కత. చూసినావంటే నీ చెయ్యి వెన్నపూస అయితాది. చూస్తానని చెప్పు."

"చూస్తా తల్లీ, చూస్తా!"

చెప్పిన మరుక్షణం గాజు మణికట్టు మీదికి జారుతుంది. మా వీధిలో ఆడవాళ్లందరం అలా మాటిచ్చినవాళ్లమే. ఆ పిల్లి సినిమా చూసి నేను ఏడ్చిన మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. తర్వాత ఎవరో చెప్పడమెందుకు?

ఇదంతా కరోనా కాలంలో పట్టుకుంది. అంగళ్లు మూసిన రోజుల్లో మేనల్లుడు రబ్బానీ ఆమెకు ఫోనులో, తెలుగు మాటలు పెట్టిన కొరియా సీరియల్ ఒకటి చూపించాడు. అంగడి మళ్లీ తెరిచారు గాని ఆమె ఆ ఫోను మూయలేదు. ఇప్పుడు గాజుల పెట్టెల పక్కనే ఫోటో కార్డులు, కీచైన్లు, మొహమంతా కళ్లే ఉన్న జపాన్ బొమ్మలు వేలాడుతుంటాయి. ఆ పాటగాళ్ల అసలు పేర్లు ఆమెకు నోరు తిరగవు. అందుకని తనే పెట్టేసింది: నీలంజుట్టోడు, గుంటబుగ్గలోడు, పస్తులోడు. ఈ చివరివాడు పుల్లలా ఉంటాడు. వాడి పాట వచ్చినప్పుడల్లా, "ఆ బిడ్డకు ఎవురన్నా ఇంత సంగటి పెట్టండ్రా" అని ఫోనుకేసి అరుస్తుంది. మొదట్లో నవ్విన ఆడపిల్లలు ఇప్పుడు ఆ పేర్లతోనే పిలుచుకుంటున్నారు. వాళ్ల కన్నతల్లులు ఏం పేర్లు పెట్టుకున్నారో గాని, మైదుకూరులో చెల్లేది నన్నీ బీ పెట్టినవే.

బస్సు కండక్టరు మారెన్న ఒకసారి పెళ్లాం పాతగాజును కొలతకని జేబులో వేసుకుని వచ్చాడు. తన చెయ్యి ఇచ్చే పని లేదు కాబట్టి తప్పించుకోవచ్చనుకున్నాడు పాపం. నన్నీ బీ ఆ గాజును పిడికిట్లో పెట్టుకుంది.

"ఏమప్పా, ఆమె అలిగిందా?"

"నీకెట్ల తెలుసు?"

"అలగకుంటే మొగోడు గాజుల అంగడికి ఎందుకొస్తాడు? కొరియాదొకటుండాది. మొగుడు మొదట్నుంచి కడదాకా తప్పయిందని అడుగుతానే ఉంటాడు. ఇద్దరూ కలిసి చూడండి."

"నేను ఒక్క మాటలో అడుక్కుంటా గాని, ఆ గాజు ఇయ్యి తల్లీ. బస్సు కదులుతాండాది!"

వారం తిరక్కముందే మారెన్న పెళ్లాం తానే వచ్చి, అలాంటిది ఇంకొకటి చెప్పమని బెంచీ మీద కూర్చుంది.

ఇక కార్డుల సంగతి. మా వైపు గాజులు డజను తొడిగాక, దీవెనగా పైన ఒకటి కొసరు తొడుగుతారు. నన్నీ బీ ఆ కొసరు ఎన్నడూ మానలేదు. కార్డుల దగ్గరికి వస్తే మాత్రం ఒకటి కొరత. పొట్లాలు తనే కట్టి పిన్ను కొడుతుంది. ఉన్నవాటికే దుడ్లు తీసుకుంటుంది గాని, కోపమొచ్చినవాళ్లకు అది గుర్తుండదు. మా వీధి శిరీన్ పదో తరగతి పిల్ల. ఒకరోజు నా ఎదురుగానే పొట్లం విప్పి గోల చేసింది.

"నన్నమ్మా! గుంటబుగ్గలోడు లేడు!"

"లేడు."

"వాని కోసమే కదా కొన్న్యా!"

"వాడు పాత సినిమా హాలు వెనక వీధిలో ఉండాడు. సుప్రజ అని, కొత్తగా వచ్చినారు చూడు, ఆ పిల్ల దగ్గర. పొయ్యి అడుక్కో."

"ఆ పిల్లా! మా క్లాసే. నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడదు. శానా పొగరు."

"నీకు కావాల్సింది ఆ పిల్ల పొగరా, గుంటబుగ్గలోడా?"

శిరీన్ కాళ్లు నేలకేసి కొట్టుకుంటూ పోయింది.

చిక్కు వచ్చింది ఎరువుల అంగడి భూపేష్‌తో. అతని కూతురు జీవితకు పస్తులోడు తగ్గాడు. భూపేష్ ఆ పొట్లం పట్టుకుని నడిబజారులో నిలబడి, "పసిపిల్లల దగ్గర దొంగతనమా?" అని అరిచాడు. అరుపులకు ఆ అంగడి గది యజమాని దేవేంద్రప్ప మేడ దిగి వచ్చాడు.

"చూడమ్మా, ఇంకొక్క మాట నా చెవిన పడిందంటే గది ఖాళీ చెయ్యాల్సొస్తాది."

ఆ అంగడి నన్నీ బీకి అత్త చేతి నుంచి వచ్చింది. ఆమెకు ఆ గది తప్ప వేరే బతుకు లేదు. అయినా దొంగను కాదని ఒక్క మాట అనలేదు. భూపేష్ వైపు చూసి, "చెయ్యి ఇట్లియ్యప్పా, రవంత నిదానిస్తావు" అంది. భూపేష్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

అక్కడి నుంచి పుకారుకు రెక్కలొచ్చాయి. తల్లులు పిల్లల్ని ఆ అంగడి వైపు పోనివ్వలేదు. బెంచీ ఖాళీ. నేను వెళ్లి కూర్చుని ఎన్ని విధాల అడిగినా నీలంజుట్టోడు జుట్టుకు మళ్లీ రంగు మార్చాడని చెబుతుందే తప్ప అసలు సంగతి రాదు. సంగతి తెలియకపోతే నాకు అన్నం సయించదు. మరుసటి ఆదివారం శిరీన్ చెప్పులేసుకుని బయలుదేరితే, కరివేపాకు కోసం పోతున్నట్టు వెనకే నడిచాను.

శిరీన్ సుప్రజ వాళ్లింట్లోకి పోయింది. నేనూ పోయాను. సుప్రజ తల్లి సిద్దమ్మ ఎవరని కూడా అడగకుండా చాప వేసింది. లోపలి గదిలో శిరీన్, సుప్రజ, ఇంకో ఇద్దరు పిల్లలు, వాళ్ల మధ్యలో భూపేష్ కూతురు జీవిత! నేలంతా కార్డులు.

"ఇవన్నీ ఎక్కడివి సిద్దమ్మా?"

"నన్నక్క ఊరికే ఇచ్చింది పెద్దమ్మా. మాది ఓర్వకల్లు తట్టు. భూమి విమానాలు దిగే తావుకు పోయినాక ఈడికొచ్చినాము. మా పిల్ల ఈడ ఎవురితోనూ పలకలేదు. బడినుంచి రావడం, గోడకు ఆనుకోని కూచోవడం. గాజులకని తీసకపోతే నన్నక్క దాని చెయ్యి పట్టుకోని శానాసేపు వదల్లేదు. మళ్లా ఈ కార్డులు ఇచ్చింది. ఎవురన్నా అడుక్కుంటా వస్తే ఊరికే ఇచ్చెయ్యమనింది. నిలబెట్టి ఇయ్యాకు, కూచోబెట్టి ఇయ్యమనింది."

నేను వెంటనే భూపేష్‌కు ఫోను కొట్టాను. "దొంగసొత్తు దొరికిందప్పా. రా."

దేవేంద్రప్పను బండి వెనక ఎక్కించుకుని మరీ వచ్చాడు. రావడం రావడం అరుస్తూ వచ్చినవాడు గది గుమ్మం దగ్గర ఆగిపోయాడు. లోపల జీవిత పస్తులోడి నడక నడిచి చూపిస్తోంది. సుప్రజ పొట్ట పట్టుకుని నవ్వుతూ, "అట్ల కాదు, ఇంకా వంగల్ల!" అని లేచి తనూ నడిచింది.

"అది మా జీవితేనా?" అన్నాడు భూపేష్ మెల్లగా. "ఇంట్లో తలుపేసుకోని ఉంటాది. ఏమడిగినా ఊ అనడం తప్ప..."

"ఇప్పుడు పో లోపలికి, కేసు పెట్టు" అన్నాను.

అతను చెప్పులు చేతబట్టుకుని చప్పుడు కాకుండా వెనక్కి తిరిగాడు. మరుసటి రోజు పెళ్లాన్ని వెంటబెట్టుకుని అంగడికి వచ్చి, బజారంతా వినేలా, "తొందరపడింది నేనేనమ్మా" అన్నాడు. దేవేంద్రప్ప మేడ మీది నుంచి తొంగిచూసి, "గది ఖాళీ చెయ్యమని ఎవురన్నారు? నేను అననే లేదే!" అన్నాడు. ఆమె అందరికీ గాజులు తొడిగింది, అందరికీ ఏదో ఒకటి చూడమని చెప్పింది. మా మైదుకూరులో ఇట్లాంటి మనిషి ఉందని చెప్పుకోవడానికి నాకైతే గొప్పగా ఉంది. ఏ ఊరివాళ్లు వచ్చి అడిగినా చెబుతాను.

జనం పోయాక నేను ఆమె చెయ్యే పట్టుకున్నాను, తప్పించుకోకుండా.

"నన్నీ, సూటిగా చెప్పు. అంగడి పోయేటట్టు ఉన్నా నోరెందుకు తెరవలేదు? ఆ పిల్ల కోసమని ఒక్క మాట అంటే అయిపోయేది కదా?"

నన్నీ బీ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

"ఏమక్కా నువ్వు! 'పాపం ఆ పిల్ల ఒంటిగా ఉండాది, పొయ్యి మాట్లాడండమ్మా' అంటే ఈ కాలం పిల్లోళ్లు ఒకరన్నా కదుల్తారా? ఆ ముసల్ది మన కార్డు కొట్టేసిందంటేనే రోషంతో ఉరుకుతారు. పొయ్యేది ఉరుక్కుంటా పోతారు, వచ్చేది పొద్దుగూకినాక వస్తారు. పెద్దోళ్లకు తెలిస్తే తెలిసిందిలే గాని, నీకు దండం పెడతా, పిల్లోళ్ల కాడ మాత్రం నన్ను దొంగగానే ఉండనీ. కోయిలకుంట్ల నుంచి కొత్తగా ఒక పిల్ల వచ్చిండాది."