మా ఆయన ఐదో గేరు

మా ఆయన దైవాధీనం గారి లెక్కలో లోకంలో మనుషులు రెండు రకాలు. డీజిలు మిగిల్చేవాళ్లు, డీజిలు తగలేసేవాళ్లు. గుడివాడ డిపోలో ముప్పయ్యేళ్ల పైచిలుకు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. లీటరు డీజిలుకి ఏ డ్రైవరు ఎన్ని కిలోమీటర్లు తీశాడన్నదే అక్కడ మాట్లాడుకునే మాట. కేఎంపీఎల్ అంటారు దాన్ని. పెళ్లయిన కొత్తలో కొత్త పెళ్లికూతుర్ని అడగాల్సిన మాటలన్నీ వదిలేసి, "రాజీ, కిరసనాయిలు స్టవ్వు లీటరుకి ఎన్ని పూటలు వస్తంది?" అని అడిగారు నన్ను. నాకు ఒళ్లు మండి, "మీరు కడుపుకెన్ని గిన్నెలు పట్టిస్తారో దాన్నిబట్టి" అన్నాను. అప్పుడు మొదలైన మా వాదం ఇప్పటికీ సాగుతూనే ఉంది.

అన్నేళ్లూ ఈయన జిల్లాలో అందర్నీ తిప్పారు, నన్ను తప్ప. ఆదివారం డ్యూటీ, పండగ డ్యూటీ, చర్చి కన్వెన్షన్ సభలకి స్పెషల్ బస్సు డ్యూటీ. బందరులో మా చర్చికి నేనెప్పుడూ ఒక్కదాన్నే నడిచి వెళ్లి, హార్మోనియం వాయించి, ఒక్కదాన్నే వచ్చేదాన్ని. అందుకే రిటైరయ్యాక ఒక రోజు పాత డీజిలు అంబాసిడరు తెచ్చి గుమ్మం ముందు నిలబెడితే, ముందు తిట్టాను గానీ, తిట్టు పూర్తి కాకముందే వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాను. మంగినపూడి దాకా వెళ్లొచ్చాం. ఆయన పక్కన కూర్చుని రోడ్డు చూడటం నా జీవితంలో అదే మొదటిసారి. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. సముద్రం వైపు ఒక్కసారి కూడా చూసిన గుర్తు లేదు.

బండి కదలాలంటే మాత్రం నేను పక్కనుంచి "రైట్ రైట్" అనాలి. కండక్టరు ఆ మాట అంటే తప్ప ఆయన కాలు క్లచ్చి మీద నుంచి లేవదట. మొదట్లో సిగ్గేసేది. తర్వాత చర్చి ముందు అందరూ చూస్తుండగానే గట్టిగా అరిచేదాన్ని.

నాకూ డ్రైవింగ్ నేర్పారు లెండి. లైసెన్సు కూడా ఉంది. కానీ స్టీరింగు నా చేతికిచ్చేది గేటులోంచి బండి వెనక్కి తియ్యడానికే. ఎందుకండీ అంటే, "నీ కాలు బరువు, మైలేజీ పడిపోయిద్ది" అనేవారు. వరండా గోడకి నల్ల బోర్డు కొట్టి, డీజిలు పోయించిన ప్రతిసారీ మైలేజీ సుద్దముక్కతో రాసి, పక్కన 'డ్రైవరు: పి. దైవాధీనం' అని కూడా రాసేవారు. ఇంట్లో ఉన్నది ఒక్క బండి, ఒక్క డ్రైవరు. పేరు దేనికండీ అంటే రూలు అన్నారు.

ఆ అంబాసిడరుకి ఉన్నవి నాలుగే గేర్లు. లీటరుకి పద్నాలుగు ఇచ్చేది. ముసలి ఇంజను పద్నాలుగు ఇస్తే దండం పెట్టి ఊరుకోవాలా? ఊరుకోరు. ఐదో గేరు ఉంటే అదే వేగంలో ఇంజను ఇంకా నెమ్మదిగా తిరుగుతుంది, నెమ్మదిగా తిరిగితే తక్కువ తాగుతుంది అని ఒక సిద్ధాంతం కనిపెట్టి, విజయవాడ ఆటోనగర్‌లో వారం రోజులు తిరిగి, ఐదు గేర్ల బాక్సు ఒకటి వెతికి బిగించుకొచ్చారు. స్టీరింగు పక్కన ఉండే గేరు రాడ్డు ఇప్పుడు కింద మధ్యలోకి వచ్చింది. దాని నెత్తిన నిగనిగలాడే నల్లని గుండు. ఆ గుండుని పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడిచేవారు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా? ఆ రోజు నుంచి మా ఆయనకి ఎక్కడ చూసినా ఐదో గేరే. కోనేరు సెంటర్లో ఐదో గేరు. చేపల మార్కెట్టు మలుపులో ఐదో గేరు. నెలాఖరుకి బోర్డు మీద మైలేజీ పదమూడుకి దిగింది. మర్నాడు పొద్దున్నే ఆ అంకె చెరిపేసి ఉంది. నేనేం అడగలేదు. అడిగితే ఆ పూట అన్నం ముట్టరు.

అడగడానికి పిచ్చేశ్వరరావు గారున్నారుగా! ఒకే డిపోలో ఈయనతో పాటు బస్సు నడిపిన మనిషి. కేఎంపీఎల్‌లో ఏళ్ల తరబడి ఈయన మొదటి స్థానం, ఆయన రెండో స్థానం. వరసలు మేం కలుపుకున్నవే. ఈయన్ని బావా అంటారు, నన్ను చెల్లెమ్మా అంటారు. మొన్న డిసెంబరులో మా ఇంట్లో సెమీ క్రిస్మస్‌కి వచ్చి, కేకు ముక్క నోట్లో పెట్టుకొని, "బావా, నాలుగు గేర్లకి పద్నాలుగిచ్చిన బండి ఐదు గేర్లకి పదమూడిచ్చిందంటగా? ఆరోది కూడా పెట్టించు, పన్నెండు వచ్చిద్ది" అన్నారు. చర్చి వాళ్లంతా ఉన్నారు. ఒకటే నవ్వు.

మా ఆయన ముఖం కందగడ్డయింది. "ఈ బండి లీటరుకి పదహారు ఇవ్వకపోతే తుక్కుకిచ్చేస్తా. పండగలోపే ఇచ్చేస్తా. మాటంటే మాటే!" అన్నారు, చేతిలో టీ కప్పుతో.

ఈయన మాటంటే నిజంగానే మాట. ఒకసారి సిగరెట్టు మానేస్తానని పదిమందిలో అని, ఆ తర్వాత దాన్ని చూడను కూడా చూడలేదు. కారు పోతే మళ్లీ ఆదివారం నేను నడిచి వెళ్లాలి, ఈయన వరండాలో పేపరు పట్టుకు కూర్చోవాలి. ఇన్నేళ్లకు దొరికిన ముందు సీటు! వడ్డన ఆగిపోయింది నా చేతుల్లో.

మైలేజీ పరీక్షకి దారి పిచ్చేశ్వరరావు గారే నిర్ణయించారు. పెద్ద రోడ్డూ ఉండాలి, పల్లె రోడ్డూ ఉండాలన్నారు. బందరు నుంచి పామర్రు దాకా హైవే, అక్కణ్ణుంచి మొవ్వ, చల్లపల్లి మీదుగా మోపిదేవి. మళ్లీ అదే దారిన వెనక్కి. గేరుబాక్సు మారితే మీటరు తప్పు చూపించొచ్చని దూరం ఫోనులో కొలవాలన్నారు. బంకులో డీజిలు మూతి దాకా పోయించి, ఇద్దరూ చెరోవైపు నిలబడి కారుని ఊపారు. డీజిలు నురగ దిగితే ఇంకొంచెం పడుతుంది. ఆ కాస్తా పోయించి, మళ్లీ ఊపి, మళ్లీ పోయించారు. పోను ఐదు లీటర్లు కూడా కాని లెక్కలో గ్లాసుడు తేడా వచ్చినా తీర్పు తారుమారవుతుంది మరి. బంకు కుర్రాళ్లు మమ్మల్ని పిచ్చివాళ్లను చూసినట్టు చూశారు.

వెనక సీట్లో పిచ్చేశ్వరరావు గారు, ముందు నేను. "రైట్ రైట్" అన్నాను.

పామర్రు దాకా బ్రహ్మాండం! నాలుగు వరసల రోడ్డు, బండి అరవై మీద ఐదో గేరులో కదలకుండా నిలిచింది. అద్దంలో పిచ్చేశ్వరరావు గారి ముఖం చిన్నదైంది కూడా. పామర్రులో తిరిగి పల్లె రోడ్డెక్కామో లేదో, ఎదురుగా వరి కోతలు! రోడ్డుకి ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు. వడ్ల అంచున రాళ్లు పేర్చారు. మిగిలిన సగం రోడ్డులో ధాన్యం ట్రాక్టర్లు, గడ్డి ట్రాక్టర్లు, వాటి వెనకాల కోత మిషను. ఈయన మాత్రం ఖాళీ కనపడితే చాలు, యాక్సిలేటరు అదిమిపట్టి ఐదులోకి వెళ్లడం, ట్రాక్టరు తగలగానే బ్రేకు కొట్టడం. బ్రేకు కొట్టినా గేరు దించరు. ముప్ఫై మీద ఐదో గేరులో ఇంజను మూలుగుతోంది. వెనక నల్ల పొగ.

నేను నలభై ఏళ్లుగా హార్మోనియం వాయిస్తున్నాను. పాట శ్రుతి మరీ కిందికి పెడితే పాడేవాళ్ల గొంతు ఎలా నలుగుతుందో నాకు తెలుసు. ఇంజను గొంతూ అలాగే నలుగుతోంది. ఆగలేక, "ఏవండీ, నాలుగులోకి దించండి. లాగలేకపోతోంది అది" అన్నాను.

"ఐదో గేరు పెట్టించింది నాలుగులో నడపడానికా?" అన్నారు.

"పట్టుచీర కొన్నామని అంట్లు తోమేటప్పుడు కూడా కట్టుకుంటామా?"

వెనకనించి పిచ్చేశ్వరరావు గారు కిసుక్కున నవ్వారు. ఈయన ఇంకా గట్టిగా తొక్కారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

మోపిదేవి దగ్గర బంకులో పోయించి, ఊపి, లెక్క కట్టారు. పదమూడు పాయింట్ ఎనిమిది. పిచ్చేశ్వరరావు గారు కూడా నవ్వలేదు. "స్వామికి దణ్ణం పెట్టుకొస్తా బావా, నీ బండికోసం కూడా మొక్కుతాలే" అని గుడివైపు వెళ్లిపోయారు. మా ఆయన టీ కొట్టు బల్ల మీద కూర్చుని కారు వైపు చూస్తున్నారు. "అయిపోయింది రాజీ" అన్నారు. అంత పెద్ద మనిషి కళ్లలో నీళ్లు చూసి నాకు జాలి పుట్టలేదు, కోపం పుట్టింది. అయిపోవడమేంటి? ఎవరి కారు అయిపోయేది? బల్ల మీది తాళాలు తీసుకున్నాను.

"మీరేమన్నారు? ఈ బండి పదహారు ఇవ్వకపోతే అన్నారు. 'నేను నడిపినప్పుడు ఇవ్వకపోతే' అనలేదు. వచ్చేటప్పుడు మీరు నడిపారు. వెళ్లేటప్పుడు నేను నడుపుతా, లెక్క మళ్లీ మొదటి నుంచి కట్టండి."

"నువ్వా?"

"నేనే. ఎక్కండి."

ప్రసాదం పొట్లంతో వచ్చిన పిచ్చేశ్వరరావు గారు విషయం విని ఎగిరి గంతేశారు. "న్యాయం బావా! చెల్లెమ్మ మాట న్యాయం. పద పద!"

ఎడమవైపు సీట్లో కూర్చోవడం ఈయనకి రాదు. కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక కదుపుతున్నారు. అందరం ప్రార్థన చేసుకున్నాం, పిచ్చేశ్వరరావు గారితో సహా. రైట్ రైట్ అనేవాళ్లు లేక నాకు నేనే అనుకుని బండి కదిల్చాను.

చల్లపల్లి దాటాక అవే వడ్లు, అవే ట్రాక్టర్లు. నేను అంకెలు చూడలేదు, గొంతు విన్నాను. ఇంజను హాయిగా పాడుతున్నంతసేపూ నాలుగులో ఉంచాను. దూరంగా ట్రాక్టరు కనపడగానే కాలు తీసేశాను, బ్రేకు దాకా రానివ్వలేదు. గొంతు నలగబోతోందనగా మూడులోకి దించాను. తొందరపడి దాటలేదు. ఒకచోట రోడ్డు ఖాళీగా కనిపించి చెయ్యి ఐదు వైపు గుంజింది, అప్పుడు తెలిసింది ఈయన బాధ! ఆ నల్ల గుండు అంత ముద్దుగా ఉంటుంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అద్దంలో చూస్తే పొగ లేదు.

మొవ్వ దాకా ఈయన కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. మొవ్వ దాటాక ఆగింది. తల కాస్త వంచి, కళ్లు మూసుకుని వింటున్నారు. ఇంజను ఏమడుగుతుందో విను అని నాకు మంగినపూడి రోడ్డు మీద నేర్పింది ఈయనే. నల్ల గుండు వచ్చాక ఆయనే మరిచిపోయారు.

పామర్రులో హైవే ఎక్కాం. యాభై, యాభై ఐదు, అరవై. "ఇప్పుడు రాజీ" అన్నారు కళ్లు తెరవకుండానే. ఆ మాట పూర్తయ్యేసరికే నేను ఐదులో వేసేశాను. ఇంజను ఒక్కసారిగా మెత్తబడింది. ఒళ్లంతా జల్లుమంది నాకు! అరవై దాటనివ్వకుండా, అరవై తగ్గనివ్వకుండా బందరు దాకా ఒకే కాలు, ఒకే శ్రుతి. వెనకాల పిచ్చేశ్వరరావు గారు, "పోనీ చెల్లెమ్మా, పోనీ!" అని పందెం తనదే అయినట్టు అరుస్తున్నారు.

బంకులో ఊపడానికి ఈసారి బంకు కుర్రాళ్లు కూడా చెయ్యి వేశారు. పోయించారు, ఊపారు, పోయించారు. పిచ్చేశ్వరరావు గారు ఫోనులో లెక్క కట్టి, నమ్మలేక మళ్లీ కట్టి, ఫోను మా ఆయన ముందు పెట్టారు. పదహారు పాయింట్ మూడు.

"స్తోత్రం!" అని అరిచాను, బంకంతా దద్దరిల్లేట్టు. పిచ్చేశ్వరరావు గారు ప్రసాదం అందరికీ పంచారు. మా ఆయన మాత్రం బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డారు చాలాసేపు. ఇంటికి దారిలో నేను గెలిచానన్న సంతోషం తగ్గి, ఈయన చిన్నబుచ్చుకున్నారేమో అన్న బెంగ మొదలైంది.

మర్నాడు ఆదివారం. చర్చికి చీర కట్టుకుని, పాటల పుస్తకం పట్టుకుని వరండాలోకి వచ్చాను. బోర్డు మీద సుద్దతో 16.3 అని ఉంది. పక్కన 'డ్రైవరు: పి. రాజకుమారి' అని. ఇంటిపేరు కూడా కలిపి, రూలు ప్రకారం.

గేటు తీసి ఉంది. కారు తుడిచి ఉంది. మా ఆయన తెల్లచొక్కా వేసుకుని, బైబిలు ఒళ్లో పెట్టుకుని, ఎడమవైపు సీట్లో కూర్చుని ఉన్నారు. స్టీరింగు ముందు సీటు ఖాళీ. నేను వెళ్లి కూర్చున్నాను. తాళం తిప్పాను. క్లచ్చి తొక్కి, మొదటి గేరు వేసి, ఎందుకో కాలు తీయలేక ఆగాను.

ఆయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తలుపు మీద రెండు దెబ్బలు కొట్టారు.

"రైట్ రైట్!"