ఏసమ్మ చేతి కూర

ఇటిక్యాల దిక్కు నుంచి కూలికి పోయే గుంపుల్లో ఏసమ్మను ఎరగనివాళ్లు తక్కువ. దీపావళి దాటగానే మేస్త్రి బక్కయ్య గుంపును మహారాష్ట్ర కాల్వ పనులకు తీసుకుపోయేవాడు. అక్కడ అందరూ మట్టి, రాళ్లు మోస్తే ఏసమ్మ అందరికీ వండేది. మూడు రాళ్ల పొయ్యి, కంట్లో పడే దుమ్ము, సగం పుచ్చు వంకాయలు. అయినా ఆమె చెయ్యి పడితే కూలీలు గిన్నె అడుగు దాకా ఊడ్చుకు తినేవాళ్లు. ఆ పొగడ్తలకు ఏసమ్మ మురిసిపోయేది. ఎందుకు మురవదు మరి? చదువు లేదు, గుంటెడు భూమి లేదు. తనదని చెప్పుకోవడానికి ఆమెకున్నది ఆ చేతివంట ఒక్కటే.

2008లో ఆ పేరే పోయింది.

ఆ యేడు పని మధ్యలోనే ఆమె పెనిమిటి ఆశీర్వాదానికి కళ్లు పచ్చబడ్డాయి. ఒళ్లంతా ఒకటే దురద. కామెర్లన్నారు. ఇద్దరూ ఊరికి వచ్చేసి, ధరూర్ దిక్కున పసరు పోసే ముసలాయన దగ్గరికి పోయారు. ఆయన పసరు పోసి పథ్యం చెప్పాడు. ఉప్పు ముట్టొద్దు, నూనె ముట్టొద్దు, పసుపు వాసన కూడా తగలొద్దు. చప్పిడి మజ్జిగన్నం తిని తిని ఆశీర్వాదం నాలుక చచ్చిపోయింది. ఈస్టర్ నాడు ఇంటింటా మటన్ ఉడుకుతుంటే చిన్నపిల్లాడిలా పెళ్లాం కొంగు పట్టుకున్నాడు. ఏసమ్మ ప్రాణం ఆగలేదు. నాలుగు ముక్కలు, గరిటెడు పులుసు పెట్టింది.

వారం తిరగకముందే కళ్లు మరీ పచ్చబడ్డాయి. పథ్యం తప్పి ఉంటారని ముసలాయన ఒక్క మాట అని ఊరుకున్నాడు. ఆశీర్వాదం అక్క హన్మమ్మకు పండుగ కూర సంగతి తెలిసింది, ఇక ఊరుకుంటుందా? బోరింగు దగ్గర చెప్పింది, చర్చి మెట్ల మీద చెప్పింది, ఆటోలో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషికి కూడా చెప్పింది, మరదలు కూర పెట్టి తమ్ముణ్ణి చంపుతోందని. ఏం నోరో తల్లీ అది! వచ్చే యేడు వంటకు వేరే మనిషిని చూసుకుంటానని బక్కయ్య కూడా కబురు పెట్టాడు. ఏసమ్మ ఎట్లా ఎదురు చెబుతుంది, పెట్టింది తనే కదా. పొయ్యి ముట్టించాలంటేనే ఆమెకు భయమేసేది.

గద్వాల డాక్టరు చూసి, ఇవి పసరుకు లొంగే కామెర్లు కావని హైదరాబాద్ పంపాడు. హన్మమ్మతో కలిసి ముగ్గురూ రైలెక్కారు. పెద్ద దవాఖానలో స్కానింగులయ్యాక డాక్టరు కూర్చోబెట్టి విషయం చెప్పాడు. క్లోమంలో క్యాన్సర్ గడ్డ ఉంది. అది పైత్యరసం దిగే నాళాన్ని నొక్కేస్తోంది. రసం పేగులోకి పోలేక రక్తంలో కలుస్తోంది, అందుకే ఈ పసుపు, ఈ దురద. గడ్డను కోసి తీసే వీలు లేదు. కానీ నోట్లోంచి కెమెరా గొట్టం పంపి, నొక్కుకుపోయిన చోట సన్నటి లోహపు తీగలతో అల్లిన జాలీ గొట్టం పెట్టవచ్చు. దాన్ని స్టెంటు అంటారు. లోపలికి పోయాక అదే విచ్చుకుని దారి తెరిచి ఉంచుతుంది. ప్లాస్టిక్‌దైతే త్వరగా పూడుకుపోతుంది, ఇది ఎక్కువ కాలం నిలుస్తుంది. జబ్బు పోదు గానీ దురద పోతుంది, అన్నం సహిస్తుంది.

ఇంకేమైనా అడగాలా అన్నాడాయన. ఏసమ్మ అడిగింది ఒక్కటే.

"సారూ, పండుగ నాడు నేను కూర పెట్టిన. గందుకేనా?"

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "కాదమ్మా. ఆ గడ్డ మీ పండుగకు ఎన్నో నెలల ముందే పుట్టింది. మీరేం పెట్టినా, పెట్టకపోయినా అది అక్కడే ఉండేది."

ఏసమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. క్యాన్సరన్న మాటకు కూడా రాని ఏడుపు అది. హన్మమ్మ కిటికీ దిక్కు చూస్తూ నిలబడింది.

స్టెంటు వేశాక రోజురోజుకూ దురద తగ్గింది. కొన్ని వారాలకు కళ్లు తెల్లబడ్డాయి, ఆకలి పుట్టింది. అమ్మయ్య అనుకునేలోపు హన్మమ్మ కొత్త పథ్యం ఎత్తుకుంది. కడుపులో ఇనుము ఉందట, చింతపండు తగిలితే తుప్పు పడుతుందట! పులుపు లేని చారు మింగలేక ఆశీర్వాదం మొత్తుకున్నాడు. మళ్లీ చూపించుకోవడానికి పోయినప్పుడు ఏసమ్మే ధైర్యం చేసి అడిగింది. డాక్టరు పడీ పడీ నవ్వి, అది తుప్పు పట్టే లోహం కాదని, పులుసు కడుపు నిండా పెట్టమని చెప్పాడు.

వానలు పడ్డాక ఆశీర్వాదం ఇంట్లో ప్రార్థన పెట్టించి, అందరినీ భోజనానికి పిలిచాడు. ఏసమ్మే వండింది. ప్రార్థన అయింది, కూర విస్తళ్లలో పడింది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. గరిటె పట్టుకుని నిలబడ్డ ఏసమ్మకు తల కొట్టేసినట్టయింది.

ఆశీర్వాదం గోడ పట్టుకుని లేచాడు.

"నేను ఇప్పుడు బాగనే ఉన్న. గని లోపల గడ్డ గట్లనే ఉన్నది, ఎన్ని దినాలుంటనో తెల్వదు. నేను పోయినంక మీరు మల్ల ఈమె కూర మీదనే నింద పెడ్తరు. గందుకే బతికుండంగనే చెప్తున్న. కూరతోని నాకు రోగం రాలే. ఈమె చేతి కూడు తినే ఇన్నేండ్లు రాళ్లు మోసిన."

కూర్చుని మొదటి ముద్ద తనే తిన్నాడు. హన్మమ్మ విస్తరి ముందుకు జరిపి, తల ఎత్తకుండానే, "నాకు జర పులుసు ఎక్కువ పొయ్యి ఏసమ్మా. నా నోరే మంచిది కాదు," అంది. ఏసమ్మ రెండు గరిటెలు పోసింది. ఆ తర్వాత వరుసంతా చేతులు కదిలాయి.

భోజనాలయ్యాక బక్కయ్య దగ్గరికొచ్చి, మొహమాటపడుతూ, దీపావళి దాటాక గుంపుకు వంటకు రమ్మని అడిగాడు. ఆ పిలుపు ఇక రాదని ఎంత కుమిలిపోయిందో ఆమెకే తెలుసు. కొంగుతో కళ్లు తుడుచుకుని నవ్వింది.

"పిలిచినవు, గంతే చాలన్నా. ఈ యేడు రాను. ఈ యేడు ఈయనకొక్కనికే వండుత."