ముక్క తినని మనిషి

ఏలూరు డాక్టరుగారు ప్రశ్న వేసింది నన్ను. జవాబు చెప్పింది మా ఆయన.

"రోజూ ఏం తింటారమ్మా?" అని డాక్టరుగారు నా వైపే చూసి అడిగారు. నేను నోరు తెరిచేలోగా మా ఆయన అందుకున్నారు. "మా ఇంట్లో తిండికి లోటేముందండీ. ఆకివీడు దగ్గర మా తమ్ముడికి చేపల చెరువులున్నాయండి. ఆదివారం ఆదివారం రెండేసి చేపలు వచ్చేస్తాయి. గుడ్లు, పెరుగు, దేనికీ కొదవ లేదండి." డాక్టరుగారు తలూపి రాసుకున్నారు. ఆ కాగితం మీద నేను చేపలూ గుడ్లూ తిని షుగరు తెచ్చుకున్న మనిషినైపోయాను.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ కోపం ఈనాటికీ చల్లారలేదు. సగం ఆయన మీద, సగం నా మీద.

ఏలూరు దాకా వెళ్లింది కాలి వేలి కోసం. చేపలు కడుగుతున్నప్పుడు కింద పడ్డ ముల్లు కుడికాలి వేలికి గుచ్చుకుంది. గుచ్చుకున్న సంగతే నాకు తెలియలేదు. మూడో రోజు మా కోడలు చూసి, "అత్తయ్యగారూ, కాలు వాచిందండి" అంటే అప్పుడు చూసుకున్నాను. షుగరు మూడు వందలు దాటి ఉంది. డాక్టరుగారు మెత్తగానే చెప్పారు. షుగరు దిగకపోతే పుండు మానదు, పుండు మానకపోతే వేలు తీసేయాల్సి రావచ్చు. మాత్రలు మార్చి, అన్నం బాగా తగ్గించమని, రెండు నెలలు చూద్దామన్నారు.

పక్క గదిలో తిండి సంగతులు చెప్పే అమ్మాయి ఉంది. మా కోడలి వయసే ఉంటుంది. కాగితం మీద గుండ్రంగా కంచం గీసి, సగం కూరలతో నింపింది. మిగతా సగంలో చాలా భాగం చేప, గుడ్డు, పప్పు లాంటివి అంది. అన్నం ఒక మూలకి, పిడికెడు. నాకు నవ్వొచ్చింది. ఆ అమ్మాయి నొచ్చుకున్నట్టుంది, "నవ్వకండి ఆంటీ, కాలి వేలి సంగతి" అంది. నేను నవ్వింది తనని కాదు. నా కంచం ఆ బొమ్మకి సరిగ్గా తలకిందులు.

మా ఇంట్లో చేపల పులుసు పెడితే తలకాయ ఆయనది. నడుం ముక్కలు ఆయనకీ మా అబ్బాయికీ. రాత్రికి మళ్లీ వాళ్లిద్దరికీ. చేపల పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుంది కదా, అందుకని తాడేపల్లిగూడెంలో రైసుమిల్లుకి వెళ్లే మా అబ్బాయి క్యారేజీలోకి నాలుగు ముక్కలు తీసి పెట్టాలి. ఎవరైనా వస్తారేమోనని మరో రెండు. ఇక మా ఆడవాళ్లకి మిగిలేది పులుసు, అందులో మునిగిన మామిడికాయ ముక్క, ఒక్కోసారి తోక. పులుసుతో ఒక సౌకర్యం ఉంది, ఎంత అన్నమైనా కలుపుకోవచ్చు. వట్టి పులుసుతో కడుపు నిండాలంటే కంచం నిండా అన్నం ఉండాల్సిందే. గుడ్ల కూరైనా అంతే, కోడికూరైనా అంతే. ఇరవై ఎనిమిదేళ్లు అలాగే తిన్నాను. ముక్క తినొద్దని నాకు ఎవరూ చెప్పలేదు, ఆ మాట రాయకపోతే అన్యాయం. తినమని కూడా ఎవరూ చెప్పలేదు.

అన్నం తగ్గించానో లేదో ఊరంతా డాక్టర్లైపోయారు. ఒకావిడ కొర్రలు వండుకోమంది. ఒకావిడ రాగిజావ తాగమని, అందులో బెల్లం వేసుకుంటే ఏం కాదని చెప్పింది. తాడేపల్లిగూడెంలో ఒక పెళ్లికి వెళ్తే విస్తట్లో పులిహోర పెట్టి, "ఒక్క ముద్ద తింటే ఏమవుద్దండీ, పెళ్లి భోజనం కదండీ" అని నలుగురు చుట్టూ చేరారు. చెప్పుకి కత్తిరించిన కన్నంలోంచి నా కట్టు కనిపిస్తూనే ఉంది. ఒక్కరూ కిందకి చూడలేదు.

అందరికంటే మా ఆయన బాధ వేరు. ఆయన మొహం మాడ్చుకున్నారు. "మన చేలో పండిన బియ్యం మనకి పడకపోవడమేంటి?" అన్నారు. చేనుకి నేనేదో అప్రతిష్ఠ తెచ్చినట్టు. షుగరు చూసే మిషను మాత్రం తనే గూడెం వెళ్లి కొని తెచ్చారు. పొద్దున్నే నా వేలు పొడిచి, అంకె చదివి, వీధి అరుగు దాకా వినపడేలా చెప్పేవారు. రెండు వందల నలభై. మర్నాడు రెండు వందల అరవై. "నిన్న ఏం తిన్నావ్?" అని విచారణ మొదలయ్యేది.

ఏం తింటాను? అన్నం పిడికెడుకి దించాను. పులుసు ఎప్పటిలాగే పులుసు. పిడికెడు అన్నం, రెండు గరిటెల పులుసు తిని లేస్తే మధ్యాహ్నం మూడింటికి కళ్లు తిరిగేవి, కాళ్లు వణికేవి. తట్టుకోలేక డబ్బాలో అటుకులు గుప్పెడు నోట్లో వేసుకునేదాన్ని. ఒక గుప్పెడుతో ఆగేది కాదు. అది తప్పని నాకు తెలుసు. ఆకలికి తప్పొప్పులు తెలియవు.

ఒకరోజు ఆయన ఆ డబ్బా పట్టుకున్నారు. కోడలి ముందు, కొడుకు ముందు డబ్బా మూత తీసి చూపించి, "దొంగతనంగా తింటా ఉంటే షుగరెలా దిగుద్ది? నీ వేలి మీద నీకే శ్రద్ధ లేకపోతే నేనేం చేసేది?" అన్నారు. పుండు మీద కారం చల్లడం అంటే ఏమిటో ఆ పూట తెలిసింది.

"ముక్కలన్నీ మీరు తిని, అన్నం నన్ను మానేయమంటే, నేనేం తినాలండి?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "వేసుకోవద్దని ఎవరన్నారు?" అన్నారు.

నా ఒళ్లు మండిపోయింది. తిట్టినా అంత మండేది కాదు. ఇరవై ఎనిమిదేళ్లు నా కంచం ఆయనకి ఎదురుగానే ఉంది. అందులో ఏముందో చూడకుండా ఉండడానికి కూడా ఓపిక కావాలి.

ఆ ఆదివారం నా కంచంలో ముందే మూడు ముక్కలు వేసుకుని వాళ్లతో పాటు కూర్చున్నాను. పక్కన బెండకాయ వేపుడు, కాస్త అన్నం. మా అబ్బాయి ఒకసారి నా కంచం వంక చూసి తల దించుకున్నాడు. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే నాకు తెలిసింది, ముక్కకి ఉప్పు పట్టలేదు. పులుసులో సరిపోయింది, ముక్క లోపల చప్పగా ఉంది. ఇన్నేళ్లుగా నా వంట అలా ఉందని నాకు ఎవరూ చెప్పలేదు, నేనెప్పుడూ తిని చూడలేదు. తర్వాతి వారం నుంచి ముక్కలకి ముందే ఉప్పూ కారం పట్టించి గంట ఉంచడం మొదలుపెట్టాను.

గుడ్లు కూడా అలాగే మొదలుపెట్టాను. పొద్దున్న ఇడ్లీ మానేసి రెండు గుడ్లు. ఆకలి తగ్గింది. అటుకుల డబ్బా జోలికి పోవాలనిపించలేదు. అంకెలు దిగాయి. నెల తిరిగేసరికి పుండు అంచులు ఎండాయి. రెండో నెలకి డాక్టరుగారు కట్టు విప్పేసి, "వేలు దక్కిందమ్మా, ఇలాగే జాగ్రత్తగా ఉండండి" అన్నారు. మా ఆయన మళ్లీ అందుకున్నారు. "దగ్గరుండి చూసుకున్నానండి. తిండి విషయంలో అస్సలు రాజీ పడనివ్వలేదండి." ఈసారి నాకు కోపం రాలేదు. వేలు ఉంది కదా అనుకున్నాను. ఆ సంతోషంలో ఒక వారం గడిచింది.

తర్వాతి ఆదివారం భోజనాలయ్యాక మాత్ర మర్చిపోయానని వంటింట్లోకి వెళ్లాను. మా కోడలు అప్పుడే తింటోంది, గట్టు పక్కన పీట మీద కూర్చుని. కంచం నిండా అన్నం, ఎర్రగా పులుసు కలిపి. ముక్క లేదు. గిన్నె వంచి చూశాను. రాత్రికి ఆరు, క్యారేజీ గిన్నెలో నాలుగు.

"నీ ముక్కలేవమ్మాయ్?" అన్నాను.

"నాకు ముక్కలంత ఇష్టముండవండి అత్తయ్యగారూ. పులుసే ఇష్టమండి" అంది, తలెత్తకుండా.

ఆ మాట నాకు తెలుసు. మా అత్తగారికి నేనదే చెప్పాను. పుట్టింటికి వెళ్తే మా అమ్మకీ అదే చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానంటే చివరికి నేనే నమ్మాను.

అక్కడే నిలబడి లెక్క వేసుకున్నాను. నేను ముక్కలు తినడం మొదలుపెట్టి రెండు నెలలైంది. మా ఆయన కంచంలో ఒక్క ముక్కా తగ్గలేదు. మా అబ్బాయి క్యారేజీలో తగ్గలేదు. తగ్గినవి ఎవరైనా వస్తారేమోనని ఉంచే రెండు, ఈ పిల్లకి ఎప్పుడైనా దొరికే తోక. దీని తల్లికి షుగరు. ఆ సంగతి నాకు సంబంధం కుదిరిన రోజు నుంచీ తెలుసు. వడ్డించేది నేను. రెండు నెలలుగా నా చేత్తో నేనే వడ్డించి, దీని కంచం వంక ఒక్కసారీ చూడలేదు. మా ఆయన్ని ఎన్ని మాటలనుకున్నానో అవన్నీ నాకూ వర్తిస్తాయి. సిగ్గుతో మొహం మంటెత్తింది. మాత్ర వేసుకోకుండానే బయటికొచ్చాను.

ఆ వచ్చే ఆదివారం ఎప్పటిలాగే రెండు చేపలొచ్చాయి. కడిగాను, ఉప్పూ కారం పట్టించాను, పులుసు పెట్టాను. కంచాలు నాలుగూ ఒకేసారి వేశాను. "తర్వాత తింటానండి" అని కోడలు గోడకి జరిగింది. భుజం పట్టుకుని కూర్చోబెట్టాను. నాలుగు కంచాల్లోనూ మూడేసి ముక్కలు వేశాను. రాత్రికి మనిషికి రెండేసి చొప్పున ఎనిమిది తీసి మూత పెట్టాను.

"రేపు క్యారేజీలోకి ఏంటమ్మా?" అన్నాడు మా అబ్బాయి.

"వంకాయ కూర" అన్నాను.

మా ఆయన మూడో ముక్క తినేసి గిన్నె దగ్గరికి లాక్కున్నారు. గరిటెతో అడుగుదాకా కలిపారు. పులుసు, మామిడికాయ. "ఈసారి తమ్ముడు తక్కువ పంపాడేంటి?" అన్నారు.

"ఎప్పుడూ పంపినన్నే పంపారండి. ఇన్నేళ్లూ ఇద్దరే తిన్నారు కాబట్టి సరిపోయేవి. ఇప్పుడు నలుగురం తింటున్నాం."

ఆయన చేతిలో గరిటె ఆగింది. కోడలు ముక్క వంక చూస్తూ అన్నం కెలుకుతోంది. "తిను" అన్నాను, కాస్త గట్టిగానే. ఆయన గిన్నెలోంచి పులుసు రెండు గరిటెలు వేసుకుని, కంచంలోకి మళ్లీ అన్నం పెట్టుకున్నారు.