కాజాలక్క పేరున నేను రాసిన ఉత్తరం

చొక్కాలు కుట్టే కార్ఖానాలో నేను సరుకు పంపే గుమాస్తాను. అట్టపెట్టెల మీద చిరునామాలు రాయడం, ఏ పెట్టెలో ఏ సైజు ఉందో చీటీ అంటించడం నా పని. భోజనాల వేళ ఏదో ఒక పుస్తకం ముందేసుకుని కూర్చునేవాణ్ని కాబట్టి అందరూ నన్ను పుస్తకాల గుమాస్తా అనేవారు. ఆ పేరు నాకు లోలోపల ఇష్టంగానే ఉండేది. ఇప్పుడు చెప్పబోయేదానికి ఆ ఇష్టమే మూలం.

చెప్పదలచింది మాత్రం కాజాలక్క గురించి. చొక్కాలకు గుండీ పట్టే కాజాలు కుట్టే మిషన్ మీద ఇరవై రెండేళ్లు కూర్చున్న మనిషి. కళ్లజోడు ఒక కాడ విరిగితే, ఆ పక్క దారం కట్టి చెవికి తగిలించుకునేది. వయసులో పెద్దవాళ్లం కూడా ఆవిణ్ని అక్క అనే పిలిచేవాళ్లం. చదువు మూడో తరగతితో ఆగింది. చెవులు మాత్రం పాము చెవులు. పద్దెనిమిది మిషన్లు ఒక్కసారిగా నడుస్తుంటే, ఆ రొదలో తల తిప్పకుండానే, "కిటికీ పక్కమ్మాయ్, నీ సూది విరగబోతోంది, ఆపు" అనేది. ఆపి చూస్తే సూది వంగి ఉండేది. వినకుండా కుట్టినవాళ్లకు విరిగేది.

సాయంత్రం నాలుగింటికి గోడమీది రేడియోలో హిందీ సినిమా పాటలు వచ్చేవి. అప్పుడప్పుడే పైకొస్తున్న ఒక గాయని ఉండేది. ఏడాదిలో నాలుగైదు సినిమాలకు పాడింది. ఆమె గొంతు రాగానే కాజాలక్క కాలు మిషన్ మీద నెమ్మదించేది.

"ఒక్క ముక్క అర్థం కాదు గదా, అంత చెవులు రిక్కించి ఏం వింటున్నావక్కా?" అని కటింగ్ మాస్టారు ఎగతాళి చేసేవాడు.

"అర్థమైతే మాటలు వింటాం మాస్టారూ. అర్థం కాలేదు కాబట్టి గొంతు వింటున్నా."

"అబ్బో! ఇక కాజాలు మానేసి కచేరీలు పెట్టు."

"పెడతా. ముందు వరసలో నిన్నే కూర్చోబెడతా. కాకపోతే నీ నోటికి నేనే కాజా కుట్టి, గుండీ పెట్టి మరీ కూర్చోబెడతా."

ఒకరోజు రేడియోలో చెప్పారు, వచ్చే నెల ఆ గాయని స్టూడియోకు వస్తుందని, శ్రోతలు ఉత్తరాలు రాయవచ్చని. మర్నాడు భోజనాలయ్యాక కాజాలక్క నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"అన్నయ్యా, ఒక ఉత్తరం రాసిపెడతావా? మాస్టారుకీ హిందీ వచ్చు గానీ, ఆయనకు నవ్వులాట. నువ్వు పుస్తకాలు చదివేవాడివి."

ఒక పాత చీటీ వెనకవైపు, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. మొదటి సగం మెప్పు. "నువ్వు పాట చివర గొంతు దించేటప్పుడు చప్పుడు కానివ్వవు తల్లీ, నిండు బిందె నేలమీద పెట్టినట్టు పెడతావు." రెండో సగం చెప్పేటప్పుడు ఆవిడ నా బల్లమీదికి వంగింది. "ఈమధ్య మూడు పాటల్లో, పైకి వెళ్లినప్పుడు గొంతులో చిన్న జీర వినపడుతోంది. అది మంచి చప్పుడు కాదు. మా అమ్మ వీధివీధి తిరిగి కూరగాయలు అమ్మేది. గొంతు పూర్తిగా పోవడానికి ఏడాది ముందు ఆమె కేకలోనూ ఇదే చప్పుడు. కొన్నాళ్లు పాడకు. వైద్యుడికి చూపించుకో."

"ఇది తప్పకుండా రాయాలన్నయ్యా. మిగతాది లేకపోయినా ఫరవాలేదు."

ఇంటికెళ్లి సాఫు ప్రతి రాయడానికి కూర్చున్నాను. దేశమంతా మెచ్చుకుంటున్న పిల్లకు నీ గొంతు చెడుతోందని ఎలా రాయడం? అదీ ఒక కాజాలు కుట్టే ఆవిడ! అలా అనుకున్నాననడం నిజమే గాని, మొత్తం నిజం కాదు. నా దగ్గర ఒక వాక్యం ఉంది. అది చీటీ చదువుతుండగానే పుట్టింది. 'మీ గొంతులో ఈమధ్య వినిపించే జీర, వాడిన వెండి మీద పడ్డ గీతలాంటిది, దాన్ని దాచకండి.' హిందీలో అది ఇంకా అందంగా కుదిరింది. పైకి చదువుకుని మురిసిపోయాను. అమ్మ కూరగాయల సంగతి తీసేశాను, వైద్యుడి సంగతి తీసేశాను. కింద కాజాలక్క పేరు పెట్టి, పక్కన 'చొక్కాలకు కాజాలు కుట్టే మనిషిని' అని చేర్చాను. గుమాస్తా రాస్తే అది మామూలు వాక్యం, కాజాలు కుట్టే మనిషి రాస్తే అద్భుతం అవుతుందని నాకు తెలుసు. తెలిసే చేశాను.

"గొంతు సంగతి రాశావా?" అని అడిగింది మర్నాడు.

"రాశానక్కా."

గాయని రేడియోకు వచ్చిన సాయంత్రం యజమాని మిషన్లన్నీ ఆపించాడు. మాటల మధ్యలో ఆమె ఒక ఉత్తరం తీసి చదివింది. నా వాక్యమే. చదివి, గొంతు మారిందని తనకు భయంగా ఉండేదనీ, విశ్రాంతి తీసుకోవాలనుకున్నాననీ, ఒక కాజాలు కుట్టే అమ్మ రాసిన ఈ మాటతో ఆ భయం పోయిందనీ, ఒప్పుకున్న పాటలన్నీ పాడేస్తాననీ చెప్పింది. నా మాట నమ్మే ఆమె విశ్రాంతి మానుకుంటోందని అర్థమైంది. అప్పుడు కూడా, వాక్యం ఆమె నోట ఎంత బాగుందో అనుకున్నాను. ఈ ముక్క ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

"అక్కా, నీ పేరు చదివింది! గొంతులో జీర వెండిలా ఉందన్నావట!" అని మాస్టారు గంతేశాడు.

చప్పట్లు కొట్టారు. కాజాలక్క మాత్రం నావైపు తిరిగింది. "అలా చెప్పానా అన్నయ్యా?"

అందరూ చూస్తున్నారు. "హిందీలో ఆ సంగతి అలాగే చెబుతారక్కా," అన్నాను.

ఆవిడ తల ఊపింది. నమ్మింది. నేను చదువుకున్నవాణ్ని కదా.

రెండోసారి ఉత్తరం రాయడానికి నాకు ఎనిమిది నెలల వ్యవధి ఉంది. రోజూ చిరునామాలు రాసే చెయ్యి. ఆ ఒక్క చిరునామా రాయలేదు. పాటలు వస్తూనే ఉన్నాయి, జీర పెరుగుతూనే ఉంది, దాన్ని పత్రికలవాళ్లు కొత్త అందం అని రాశారు. ఆ పాటలు వచ్చినప్పుడల్లా కాజాలక్క మిషన్ ఆపేసి చేతులు ఒళ్లో పెట్టుకునేది. నేను గోదాములోకి వెళ్లిపోయేవాణ్ని.

చివరికి గాయని గొంతుకు శస్త్రచికిత్స జరిగిందని, మళ్లీ పాడుతుందో లేదో తెలియదని వార్త వచ్చింది. ఆ మధ్యాహ్నం కాజాలక్క నా బల్ల దగ్గరికొచ్చింది.

"మనం చెప్పాం గదా అన్నయ్యా. హిందీలో అలాగే చెబుతారన్నావు. మరి ఆ పిల్లకు ఎందుకు అర్థం కాలేదంటావ్?"

దెప్పిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. ఇంక దాయలేకపోయాను. తల దించుకుని ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆవిడ అరవలేదు. "మరి నా పేరెందుకు పెట్టావు?" అంది.

నేను బల్లమీది చీటీలు సర్దసాగాను.

"మళ్లీ రాయి. నా ముందు రాయి."

రాశాను. మొదటి ఉత్తరం ఆవిడది కాదనీ, ఆవిడ చెప్పిందేమిటో, నేను మార్చిందేమిటో రాసి, గొంతు త్వరగా నయం కావాలన్న ఆవిడ మాట చేర్చి, కింద నా పేరు పెట్టాను. కాజాలక్క కాగితం అందుకుని నేరుగా కటింగ్ బల్ల దగ్గరికి నడిచింది. "మాస్టారూ, ఇందులో ఏముందో ఒక్కో ముక్కా తెలుగులో చెప్పు." నేను రాసినదాన్ని ఆవిడ ఇంకొకరికి చూపించి సరిచూసుకోవడం అదే మొదలు. నేను పక్కనే నిలబడ్డాను. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మాస్టారు ఆరోజు పరాచికమాడలేదు. ఒక్కో వాక్యం చెప్పి ఆగాడు, ఆవిడ ఊఁ అంది, తర్వాతిది చెప్పాడు.

"మీ బంగారు గొంతు త్వరగా నయం కావాలని..."

"బంగారం ఎక్కణ్నుంచొచ్చింది?" అంది కాజాలక్క. "నేను గొంతు అన్నాను."

మాస్టారు కాగితం నావైపు తిప్పాడు. నా చెయ్యి ఎప్పుడు రాసిందో నాకే తెలియదు.

"కొట్టెయ్," అందావిడ.

కొట్టేశాను.