సిస్టర్ దీదీ ఆదివారం ఆట

మా మేనత్త పోయిందన్న కబురు నాకు వాట్సాప్‌లో వచ్చింది. ఆ ఆదివారం మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్‌లో, చాథమ్ జెట్టీలో, అత్త ఉండే బాంబూఫ్లాట్‌కి వెళ్లే ఫెర్రీ కోసం నిలబడి ఉన్నాను. చేతిలో ఆమె తెమ్మన్న ఉల్లి పకోడీల పొట్లం ఇంకా వేడిగానే ఉంది. మెసేజ్ రాసింది మా నాన్న, అంటే ఆమె సొంత తమ్ముడు. "పరమ సాత్వికురాలు, నిత్య దైవచింతనాపరురాలు, మితభాషిణి అయిన మా అక్కగారు శివసాయుజ్యం పొందారు" అని రాశాడు. నాతో వస్తున్న చిన్నాన్న కూతురు కాలేజీలో చదువుతోంది. తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం అంతంతమాత్రం. కూడబలుక్కుని చదివి, మితభాషిణి అంటే ఏంటి దీదీ అని అడిగింది. అత్త కాదని అర్థం అన్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపమే, అది ఇప్పటికీ తగ్గలేదు. తగ్గకముందే ఇది రాస్తున్నాను.

అత్త నర్సు. ముప్ఫై ఏళ్లకు పైగా ఆరోగ్య కేంద్రంలో కాన్పులు చేసింది. మన తెలుగువాళ్లు సిస్టర్ అనేవారు, బెంగాలీలు, రాంచీ వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు దీదీ అనేవారు. చివరికి రెండూ కలిసి బాంబూఫ్లాట్ అంతటికీ ఆమె సిస్టర్ దీదీ అయింది. ఆమె ముప్ఫై నాలుగో ఏట మామయ్య పోయాడు. బొట్టు తీయలేదు, రంగు చీరలు మానలేదు, పకపకా నవ్వడం అసలే మానలేదు. ఈ మూడింటినీ మా వాళ్లు ఆమె బతికున్నంతకాలం తప్పుపట్టారు, పోయాక ఒక్క పూటలో సరిదిద్దేశారు. జెట్టీ దగ్గర కట్టించిన ఫ్లెక్సీలో అత్త నుదుటి మీద బొట్టు లేదు. ఫోటోలో ఉన్నదాన్ని కంప్యూటర్లో చెరిపించారు. చీర తెల్లగా చేయించారు. నవ్వును మాత్రం ఏమీ చేయలేక చిన్నది చేసి వదిలేశారు.

అసలు సంగతి చెప్పాలి. అత్తకి సినిమాలంటే ప్రాణం, అందులోనూ ఒకే రకం సినిమాలు. ఇద్దరు మనుషులు మాటకి మాట అంటించుకుంటూ, ఒకరినొకరు ఏడిపించుకుంటూ, నవ్వుకుంటూ ప్రేమలో పడాలి. ఆ పిల్లకి కూడా కోరిక ఉండాలి, ఉన్నందుకు కథ ఆమెకి శిక్ష వేయకూడదు. ఆ రకం ఏ భాషలో ఉన్నా ఆమెకి చుట్టమే. ప్రతి ఆదివారం రెండు గంటలకి, చేపల అమ్మకం అయిపోయి చేతులు కడుక్కున్న ఆడవాళ్లు పదిహేను మంది దాకా ఆమె ముందుగదిలో చాపల మీద చేరేవారు. పిల్లలకి, మగవాళ్లకి ప్రవేశం లేదు. ఇంగ్లీషు సినిమా అయితే అత్త టీవీ పక్కన కుర్చీ వేసుకుని, రిమోట్ ఒళ్లో పెట్టుకుని, ఒక్కో మాటకీ ఆపి తెలుగులో చెప్పేది. సినిమాల పేర్లు ఎవరికీ తెలియవు. తాళాలోడి సినిమా, లిఫ్టు సినిమా, రెండు మంచాల సినిమా అని ఆమె పెట్టిన పేర్లే చెల్లేవి. తాళాలోడి సినిమాలో అరవై ఏళ్ల విధవ ఒకావిడ, తాళం బాగుచేసేవాడు మళ్లీ రావాలని తన తాళం తనే నాలుగుసార్లు పాడుచేసుకుంటుంది. అది చూసి, చేపలమ్మే ఒకావిడ, మేమంతా అప్ప అని పిలిచే ఆవిడ, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, ఆ తాళం సీను మళ్లీ పెట్టమంది. ఆమె కూడా విధవరాలే.

ఈ సినిమాలు దొరకడం తేలిక కాదు. సముద్రం కింద కేబుల్ రాకముందు మా దీవుల్లో నెట్ ఎలా ఉండేదో ఇక్కడివాళ్లకి చెప్పనక్కర్లేదు, ఒక పాట దిగేలోపు అన్నం ఉడికేది. అందుకని వైజాగ్‌కో చెన్నైకో షిప్పెక్కే ప్రతివాడి చేతికీ అత్త తన హార్డ్ డిస్క్ ఇచ్చి పంపేది. తువ్వాలులో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బా మీద చెమ్మ తగలనీయకు అని రాసేది. ఒకసారి మా తమ్ముడు వెళ్తుంటే నాన్న వాడికి రహస్యంగా చెప్పి డిస్కు నిండా భక్తి సినిమాలు ఎక్కించి తెప్పించాడు. ఆదివారం ఆడవాళ్లంతా చేరాక అది బయటపడింది. అత్త ఆపలేదు. దేవి అలిగి మొహం తిప్పుకునే సీను, దేవుడు గడ్డం పట్టుకు బతిమాలే సీను వెతికి వెతికి పెట్టింది. "చూసేరా? మన దేవుళ్లకున్న సరసం మన మగాళ్లకి లేదు" అంది. ఆ మాట ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున డిగ్నాబాద్‌లో ఉన్న మా ఇంటికి చేరడానికి ఒక్క పూట పట్టింది. నాన్న నెల్లాళ్లు అక్కతో మాట్లాడలేదు.

ముద్దు సీను వస్తే మా ఇళ్లలో రిమోట్ కోసం నలుగురు ఒకేసారి చెయ్యి చాపుతారు. అత్త ముందుకు జరపనిచ్చేది కాదు. పైగా ఆపి, వాళ్లిద్దరి మధ్య ఏం జరిగిందో మమ్మల్ని అడిగేది. వాడు అడిగేడా, ఆమెకి ఇష్టమేనా, ఇద్దరూ నవ్వుతున్నారా? ఈ మూడూ జ్వరం, నాడి, బీపీ చూసినంత శ్రద్ధగా చూసేది. మూడూ ఉంటే నాడి బాగుంది అనేది. వెంటపడి వేధించి పిల్లని ఒప్పించేవాడు హీరో అయితే ఆ సినిమాని సగంలో తీసేసేది. "అడిగి ముద్దు పెట్టుకున్నోడికి మూతి అరిగిపోదు" అనేది. ఇంకోటి కూడా అనేది, ఇది రాస్తే మా నాన్న మళ్లీ నెల్లాళ్లు మాట్లాడడు, అయినా రాస్తాను. "నవ్వించడం రానోడు చొక్కా విప్పక్కర్లేదు."

ఈ మాటలు పట్టుకుని బజారులో ఆమెని ఏమేమి అన్నారో నేను రాయను. ఎందుకు మొదలుపెట్టిందో మాత్రం రాస్తాను, ఎందుకంటే వాళ్లలో ఒక్కరూ అడగలేదు. ఉద్యోగం చేసే రోజుల్లో నాలుగో కాన్పుకి ఒకామె వచ్చింది. రక్తం లేదు, నిలబడే ఓపిక లేదు. ఈ బిడ్డ నీకు ఇష్టమేనా అని అత్త అడిగితే, ఆమె అర్థం కానట్టు చూసి, "నన్నెవులు అడిగేరు సిస్టరూ, బిడ్డకీ అడగనేదు, దానికీ అడగనేదు" అందట. బొమ్మల చార్టులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఒంటి సంగతులు చెబితే ఆడవాళ్లు కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేవారు. సినిమా పెట్టి నవ్విస్తే కొంగు దిగింది. ఆట అయ్యాక టీ తాగుతూ అడిగేవారు. ఆ నొప్పి ఎందుకు వస్తుంది, వద్దంటే ఎలా చెప్పాలి, కావాలంటే ఎలా చెప్పాలి. అత్త దేన్నీ ఇంగ్లీషు మాట చాటున దాచకుండా జవాబు చెప్పేది. రోగం ఎక్కడో చెప్పడానికి సిగ్గుపడి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లని చూశానని, గడియ తలుపుకి పెట్టుకోవాలి గాని నోటికి కాదని అనేది. ఆ గదిని పట్టుకుని బూతు సినిమాల ఇల్లు అన్నారు. అన్నవాళ్లలో సగం మంది పిల్లలు ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే.

ఇంతమందిని తిడుతున్నాను గాని, అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు ఒక సంబంధం వచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌లో ఆఫీసు ఉద్యోగం, సొంత ఇల్లు. వచ్చి చూసుకుని వెళ్లారు, బాంబూఫ్లాట్ నర్సు మీకు ఏమవుతుందని కబురు పెట్టారు, తర్వాత కబురే లేదు. నేను ఫెర్రీ ఎక్కి వెళ్లి ఆమె గుమ్మంలోనే నిలబడి, ఆడవాళ్లంతా చూస్తుండగా, నీ టీవీ వల్ల నా బతుకు పాడైందని అరిచాను. అత్త టీవీ కట్టేసింది. అందరినీ ఇళ్లకు పంపేసింది. రెండు నెలలు ఆట లేదు. మూడో నెలలో రొయ్యలు పట్టుకుని మా ఇంటికి వచ్చి, వంటింట్లో నా పక్కన పీట వేసుకుని పొట్టు తీస్తూ అడిగింది.

"ఆ కుర్రోడు నిన్ను చూడ్డానికొచ్చిన రోజు ఒక్కసారైనా నవ్వించేడా?"

లేదన్నాను.

"మరి ఏడుపెందుకే? ఛోడ్ నా, వదిలెయ్."

మూడేళ్ల తర్వాత నన్ను చూడటానికి వచ్చినవాడు మా మెట్ల మీద నాచుకి జారి కూలబడి, అందరికంటే ముందు తనే నవ్వాడు. నీకేమైనా అభ్యంతరమా అని నన్నే అడిగాడు. ఆ సంగతి అమ్మకంటే ముందు అత్తకి ఫోన్ చేసి చెప్పాను. అతన్నే చేసుకున్నాను. ఆ రోజు గుమ్మంలో అన్న మాటకి మాత్రం తప్పయిందని చెప్పలేదు. ప్రతి ఆదివారం వెళ్తున్నాను కదా, ఎప్పుడో చెప్పొచ్చులే అనుకున్నాను. ఆఖరి ఆదివారం అత్త అన్నం తిని, ఆటకి చాపలు పరిచి, కుర్చీలో కూర్చుని, ఇంకెవరూ రాకముందే గుండె ఆగి పోయింది. పకోడీలు తీసుకుని నేను ఒక ఫెర్రీ ఆలస్యంగా వెళ్లాను.

మూడో రోజున జెట్టీ దగ్గర ఫ్లెక్సీలో అత్త నుదుటి మీద ఎర్రటి స్టిక్కర్ బొట్టు కనిపించింది. నాన్న గీకించాడు. మర్నాడు మెరూన్ రంగుది, ఆ తర్వాతి రోజు ఆకుపచ్చది. ఎవరు పెడుతున్నారో చూడమని ఒకతన్ని కాపలా పెట్టారు. అతను పొద్దంతా కూర్చున్నాడు, ఫెర్రీకి వచ్చే ఆడవాళ్లందరూ దండం పెట్టుకుని వెళ్తున్నారు తప్ప ఏమీ లేదన్నాడు. సాయంత్రానికి నీలం బొట్టు ఉంది.

పదకొండో రోజు పెద్దకర్మ. మా వాళ్లలో ఆ రోజు పిండం ఆకులో ఒడ్డున పెట్టి కాకి కోసం చూస్తారు. కాకి ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో మిగిలిపోయిందని లెక్క. అప్పుడు ఒక్కొక్కరూ ముందుకు వచ్చి, ఇది చేస్తాం, అది చూసుకుంటాం అని మాట ఇస్తారు. ఆ రోజు కాకులు కొబ్బరిచెట్టు మీద కూర్చున్నాయి గాని ఒక్కటీ దిగలేదు. ఏటా గుడికి దీపం నూనె ఇస్తామని చిన్నాన్న అన్నాడు. కాకి రాలేదు. నీ పేరున అన్నదానం చేస్తామని నాన్న అన్నాడు. రాలేదు. ఆయన చేతిలో గుడ్డసంచి ఉంది. సముద్రంలో కలపడానికి అత్త కళ్లజోడు, పాత చీర, వాటి కింద తువ్వాలులో చుట్టిన హార్డ్ డిస్క్. అందులో ఏముందో నలుగురికీ తెలిస్తే ఇంటి పరువు పోతుందని పొద్దున్నే అమ్మతో అంటుంటే విన్నాను. ముప్ఫై ఏళ్లు కాన్పుల్లో ప్రాణాలను, చెమ్మ తగలకుండా సినిమాలను కాపాడిన మనిషి వస్తువుని ఉప్పునీళ్లలో వేయబోతున్నాడు.

అప్పుడు మగవాళ్ల వెనకనుంచి చేపలమ్మే అప్ప ముందుకు వచ్చింది. ఆడవాళ్లు అలా రారు. ఆకు ముందు నిలబడి, బతికున్న మనిషితో చెప్పినట్టే చెప్పింది.

"సిస్టరూ, ఆయితారం ఆట ఆగదు. నాను చూసుకుంతాను. నువ్వు ఎల్లు."

అందరూ కాకివైపు చూశారు. నేను చూడలేదు, నాన్న చేతిలో సంచినే చూస్తున్నాను. వెళ్లి దాన్ని లాక్కున్నాను. నాన్న వదల్లేదు. అక్కడ అందరి ముందు, పిండం పక్కనే, తండ్రీ కూతుళ్లం ఒక గుడ్డసంచి కోసం పెనుగులాడాం.

"ఒగ్గీ, అందరూ చూస్తన్నారు" అన్నాడు నాన్న.

"చూడనీ. ఆవిడ మాకు నేర్పింది అదే" అన్నాను.

వదిలేశాడు. కళ్లజోడు, చీర ఆయనకి తిరిగి ఇచ్చేశాను. అందరూ మావైపే చూస్తుండగా వెనక ఆకు సగం ఖాళీ అయింది. కాకే అని కొందరు, కుక్క అని కొందరు. ఎవరూ చూడలేదు. ఏది తిన్నా అత్తకి అభ్యంతరం ఉండదని నేను అనుకున్నాను.

మొన్న ఆదివారం చాపలు పరిచాం. పదిహేను మంది కాదు, ఇరవై దాటారు. అత్త ఆఖరి ఆదివారం పెట్టాలనుకున్న సినిమానే పెట్టాం, అది మేమెవరం చూసింది కాదు. ఆమె కుర్చీలో కూర్చోమని నన్ను నెట్టారు. కూర్చుని, ఒక్కో మాటకీ ఆపుతూ తడబడుతూ తెలుగులో చెప్పాను. అత్త చెప్పినంత రుచిగా రాలేదు, అయినా నవ్వారు. గంట గడిచాక వాన పడుతున్న సీను వచ్చింది. అతను గుమ్మంలో తడుస్తూ నిలబడి, లోపలికి రావచ్చా అని అడిగాడు. ఆమె అతని చొక్కా బొత్తాం పట్టుకుని లోపలికి లాగింది. ఇద్దరూ నవ్వుతున్నారు.

నా బొటనవేలు దానంతట అదే వెళ్లి ఫార్వర్డ్ నొక్కింది.

ఇంత కోపం పెట్టుకుని, ఇన్ని మాటలు అని, పిండం దగ్గర తండ్రితో సంచి కోసం పెనుగులాడి వచ్చినదాన్ని. నేను కావాలని నొక్కలేదు. ఎవరు నేర్పారో గుర్తులేని వయసులో ఆ వేలికి అది అలవాటైంది. అప్పుడు అప్ప చేపల వాసన ఇంకా పోని చేత్తో నా చేతి మీద చిన్నగా ఒకటి వేసింది.

"ఎనక్కి తిప్పు. ఆ పిల్ల ఏటందో మేం విన్నేదు."

వెనక్కి తిప్పాను. వాళ్లిద్దరూ వెనక్కి నడిచారు, చేయి బొత్తాం వదిలింది, తలుపు మూసుకుంది, వాన పైకి వెళ్లింది. రిమోట్‌ని రెండు చేతులతో పట్టుకున్నాను. అతను మళ్లీ వచ్చి గుమ్మంలో తడుస్తూ నిలబడ్డాడు. ఈసారి నేను ఆపి, లోపలికి రావచ్చా అని అడుగుతున్నాడని చెప్పాను. ఇరవై మంది ఆడవాళ్లు, అత్త అలవాటు చేసినట్టే, ఆ పిల్ల ఏమంటుందా అని ఎదురుచూస్తున్నారు.